తీగ గుడ్డ

మొదటి రాయి గురి తప్పింది. రెండోది తప్పలేదు. చాంద్రి తల మీద వడిసెల గిర్రున మూడుసార్లు తిరిగి చప్పున ఒక కొస వదిలింది. నాలుగు సాళ్ల అవతల, పొద్దుతిరుగుడు పువ్వు మీద కూర్చుని గింజలు ఒలుస్తున్న చిలుక ఎగరబోయి ఎగరలేక కింద పడింది. మిగతా గుంపు కీచుమంటూ లేచి కాలువ గట్టు మీది తుమ్మచెట్లలోకి పోయింది.

"తినుండ్రి! మీ అయ్య నాటిండా? మీ అవ్వ కలుపు తీసిందా?" అని చాంద్రి మంచె మీది నుంచి అరిచింది. పైవరసలో ముందరి రెండు పళ్లు లేవు కాబట్టి ఆ తిట్టులో సగం గాలే పోయింది. చిలుకలకు మాత్రం మొత్తం అర్థమైనట్టే ఉంది.

మంచె దిగి, ఆకుల్లో కొట్టుకుంటున్న చిలుకను వెతికి పట్టుకుంది. రెక్క విరిగి ఎముక తెల్లగా బయటికి వచ్చింది. మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. కాళ్లకు దారం కట్టి, గట్టున పాతిన కర్రకు తలకిందులుగా వేలాడదీసింది. పక్కన నిన్నటివి మూడు అప్పటికే ఎండుతున్నాయి. చూసిన చిలుక భయపడి రాదని చేను గల సేటు నమ్మకం. చచ్చినదాన్ని చూసి ఆకలి చంపుకున్న ప్రాణిని చాంద్రి తన యాభై అయిదేళ్లలో చూడలేదు. కానీ కాపలా అన్నాక సేటు చెప్పినట్టు చెయ్యాలి.

ఆ నాలుగెకరాలు కాశీరాం సేటువి. బాన్సువాడలో ఎరువుల దుకాణం ఆయనది. నిజాంసాగర్ కాలువ చివరి మడి కావడంతో యాసంగిలో వరికి నీళ్లు అందవు. అందుకే పొద్దుతిరుగుడు వేస్తాడు. పగలు కాపలా చాంద్రిది, రాత్రి కాపలా ఆమె మొగుడు జేత్యాది. పగలు చిలుకలు, రాత్రి అడవిపందులు. చిలుకలకు రాయి, పందులకు కరెంటు.

చేను చుట్టూ మోకాలి కింది ఎత్తున ఒక తీగ ఉంటుంది. పొద్దు గుంకాక జేత్యా దాని కొసను మోటారు దగ్గరి స్తంభానికి కొక్కెంతో తగిలిస్తాడు. తొలికోడి కూశాక తీసేసి, రోడ్డు మీది హోటలుకు చాయ్ తాగడానికి పోతాడు. నిన్న తెల్లవారి ఆ తీగ మీద పంది ఉంది. ఎంత లావు పంది! పళ్ల మధ్య తీగను కరిచిపట్టుకుని, నాలుగు కాళ్లూ కర్రల్లా చాచుకుని పడి ఉంది. దవడ విడదీయడానికి జేత్యా గడ్డపారతో మూడు పోట్లు పొడవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి కావలసినవాళ్లు వచ్చి గట్టు మీదే కోసి వాటాలు వేసుకుపోయారు. ఆ నెత్తురు మీద ఇప్పటికీ ఈగలు ముసురుతున్నాయి.

మూడేళ్ల కింద ఇదే తీగ మీద తండాలోని భీమ్లా కోడెదూడ పోయింది. ఆ రోజు చాంద్రి తన పెళ్లినాటి పాత పేటియా లంగాను కత్తిరించి, అద్దాలు కుట్టిన ఎర్రటి ముక్క ఒకటి తెచ్చి చేనుమూల గుంజకు కట్టింది. తీగలో కరెంటు ఉన్నంతసేపు ఆ గుడ్డ గుంజ మీద ఉండాలి. తీసేశాక గుడ్డ విప్పాలి. గుడ్డ ఉంటే చావు, లేకుంటే దారి. చదువు రాని తండాకు అంతకంటే తేలికైన బోర్డు లేదు. పిల్లలు కూడా గుంజ మీద ఆ గుడ్డ లేదని చూసుకునే గట్టు దిగేవాళ్లు. ఆ కట్టుబాటు పెట్టింది చాంద్రే. ఊళ్లో ఆమె మాట ఒకటి చెల్లిందంటే అదే.

ఇంట్లో మాత్రం ఏ మాటా చెల్లలేదు. జేత్యా కొట్టేవాడు. కోపం వచ్చినప్పుడు కొట్టడం చాలామంది చేస్తారు. వీడికి కోపం అక్కరలేదు, చెయ్యి ఖాళీగా ఉంటే చాలు. ఇంట్లో వాళ్ల మాట లంబాడీ అయినా కొట్టేటప్పుడు తెలుగులో తిట్టేవాడు. చిన్నప్పటి నుంచీ తాను తిన్న తిట్లన్నీ తెలుగువే కదా. కూతురు రేఖ పుట్టిన ఏడు రోకలితో కొడితే చాంద్రి పళ్లు రెండు రాలాయి. ఆమె నెత్తురు ఉమ్మి, ఆ పళ్లను కొంగున ముడి వేసుకుని కలుపుకు పోయింది.

ఆమె ఊరికే పడి ఉండే మనిషీ కాదు. మరుసటి ఏడు జొన్నచేలో, ఇరవై బారల దూరం నుంచి, వాడి కుడి మోకాలి చిప్పను వడిసెల రాయితో పగలగొట్టింది. వాడు ఈనాటికీ కుంటుతాడు. బండి మీది నుంచి పడ్డానని తండా అంతా చెప్పుకున్నాడు, ఆమె అవునంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి దాచుకున్న గుట్టు అదొక్కటే. దాని తరువాత కూడా కొట్టాడు. కాకపోతే దగ్గరికి వచ్చి కొట్టాడు, వడిసెల తిప్పే చోటు లేకుండా.

చేను పూసే నెలలో ఆమె ఒక పని చేసేది. చేనంచున ఆలస్యంగా వచ్చిన చిన్న పువ్వులు రెండు మూడు, మబ్బులనే, ఇంకా తెల్లవారక ముందే కోసి, గుడిసెలో ఇత్తడి చెంబులో పెట్టేది. ఎండెక్కక ముందు కోస్తే కాడ నిండా నీళ్లుంటాయి. రేకులు సగమే విచ్చుకున్నవి కోయాలి. కింది ఆకులన్నీ దూసెయ్యాలి, లేకపోతే పువ్వు తాగాల్సిన నీళ్లు అవి తాగుతాయి. కొసను నీళ్లలో ముంచి, నీళ్లలోనే ఏటవాలుగా కోయాలి. రోజూ నీళ్లు మార్చాలి. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకుంది. అలా పెడితే ఎనిమిది రోజులుండేవి. ఇంట్లో తనను కొట్టనిది, తాను కొట్టనిది ఒకటి ఉంటే ఆమెకు బాగుండేది. జేత్యా ఒకసారి ఆ చెంబును కాలితో తన్నాడు. చెంబు సొట్ట పోయింది. మరుసటి ఏడు సొట్ట చెంబులోనే పెట్టింది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా బొడ్లో ఫోను మోగింది. సేటు చిన్నకూతురు సహజ. హైదరాబాదులో పళ్ల డాక్టరు చదివి వచ్చింది. బాన్సువాడ బస్టాండు దగ్గర రేపు పొద్దున తొమ్మిదింటికి కొత్త క్లినిక్కు ముహూర్తం.

"చాంద్రవ్వా, పదకొండు పూలు తేవా? ఫొటోలు తీసెటాయన ఇయాల్నే వస్తుండు."

"గీ ఎండల కోస్తె మెడలు వాలుస్తయి బిడ్డా. రేపు మబ్బుల కోసి తెస్త."

"ఇప్పుడే కావాలె చాంద్రవ్వా. నువ్వు గూడ రా, నీతోని మాట్లాడాలె."

ఏం మాట్లాడాలో చాంద్రికి తెలుసు. వారం కింద చేను చూడటానికి వచ్చినప్పుడే సహజ ఆ మాట అని ఉంది. క్లినిక్కు ఊడ్చి తుడిచే మనిషి కావాలి. రాత్రి అక్కడే పడుకోవాలి. ఆ వారం రోజులూ చాంద్రి నిద్రలో కూడా ఆ మాటను నమలడం మానలేదు.

పదకొండు పూలు కోసింది. కాడలు అప్పుడే వేడెక్కి ఉన్నాయి. చుట్టడానికి తడిగుడ్డ కావాలి. కట్టుకున్న చీర తప్ప ఏమీ లేదు. మంచె మీద మడిచి పెట్టిన ఎర్రగుడ్డ కనబడింది. పగలు దానికి పని లేదు, పొద్దు గుంకేలోగా తిరిగి రావచ్చు అనుకుంది. కాలువలో ముంచి, కాడలకు చుట్టి, రోడ్డెక్కింది.

ఆటోలో పదకొండు మంది. పువ్వులు ఒడిలో నిలువుగా పట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నవాడు సంచి తెచ్చి పూల మీద ఆనించాడు. "మెడలిరుగుతయి, జరుగు" అంది. వాడు జరగలేదు. మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడిచింది. "ఏం ముసల్దానివే!" అంటూ వాడు బాన్సువాడ దాకా సంచిని నెత్తిన పెట్టుకున్నాడు.

క్లినిక్కులో సున్నం వాసన, కొత్త కుర్చీల వాసన. బల్ల మీద నిలువెత్తు గాజు కూజా ఉంది. చాంద్రి నేల మీద బకెట్ పెట్టుకుని పనికి దిగింది. ఆకులు దూసింది. నీళ్లలోనే కొడవలితో కొసలు తెగ్గోసింది. కెటిల్లో నీళ్లు కాగబెట్టమని, ఒక్కో కొసను పది లెక్కపెట్టే దాకా ఆ వేడినీళ్లలో ముంచింది.

"కాలదా?" అంది సహజ, తన వేలే కాలినట్టు.

"కాలాలె బిడ్డా. గప్పుడే ఆగిన నీళ్లు మల్ల పైకెక్కుతయి. దెబ్బ తగిలితెనే కొన్ని నిలబడ్తయి" అని నవ్వింది చాంద్రి.

నవ్వినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సహజ ఆ కొంగు పక్కకు తీసి, డాక్టరు వేళ్లతో పెదవి ఎత్తి చూసింది.

"ఇవెట్ల పోయినయి?"

"పడ్డ."

"పడితె పెదవి మీద గీ మచ్చ రాదు చాంద్రవ్వా."

చాంద్రి బకెట్లోకి చూసింది. సహజ చేతులు కడుక్కుంది. "రెండు పళ్లు పెడ్త తియ్. రా, అర్ర చూపిస్త" అంది.

వెనక గది ఎనిమిదడుగులు ఉంటుందేమో. ఒక మంచం, ఒక కిటికీ, ఒక బల్బు. చాంద్రి మంచం చూడలేదు. తలుపు చూసింది. తలుపుకు లోపలివైపు జానెడు పొడుగు ఇనుప గడియ ఉంది. అది వేసింది. తీసింది. మళ్లీ వేసి, భుజంతో తలుపును గట్టిగా తోసి చూసింది. కదలలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె పడుకున్న ప్రతి చోటా తలుపు బయటివైపు నుంచి తెరుచుకుంది, లేదా అసలు తలుపే లేదు. గడియ మళ్లీ తీసింది. "ఎప్పటి సంది రావాలె?" అని మాత్రం అడిగింది.

"రేపటి సంది. పూలు గూడ నువ్వే చూసుకో."

పూలు కూజాలో నిలబెట్టాక, బయలుదేరుతూ ఎర్రగుడ్డ పిండి మడుచుకోబోయింది. సహజ చూసింది. "అబ్బ, ఎంత మంచిగుంది! అద్దాలు! దీన్ని కూజకు కట్టు చాంద్రవ్వా, ఫొటోల మస్తుగ కనబడ్తది."

"గది తీగె గుడ్డ బిడ్డా..."

"తీగెనా?"

రేపటి నుంచి అన్నం పెట్టే పిల్ల. మొదటిసారి ఒకటి అడిగింది, మొదటిసారే లేదనడమా? జేత్యా ఇంకో గుడ్డ కట్టుకుంటాడులే, తండాలో గుడ్డలకు కరువా అనుకుంది. గాజు కూజా మెడకు ఎర్రగుడ్డ చుట్టి ముడి వేసింది. గుంజకు వేసే ముడే వేసింది, ఆమె చేతులకు వచ్చింది అదే.

తిరిగి చేనుకు వచ్చేసరికి పొద్దు దిగుతోంది. జేత్యా గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గుడ్డేది?"

"బాన్సువాడల ఉన్నది. డాక్టరమ్మకిచ్చిన. ఇంకోటి కట్టు." తరువాత, ఎలాగూ చెప్పాల్సిందే కదా అని, అదీ చెప్పేసింది. "రేపటి సంది నేను కాపలాకు రాను. ఆడ్నే ఉంట."

వాడు చేతిలోని తీగ చుట్టతో కొట్టాడు. చెవి పక్కన పడింది. రెండోది వీపు మీద. మూడోదానికి ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సాళ్ల మధ్య పడి పెనుగులాడారు. పొద్దుతిరుగుళ్లు నాలుగైదు ఫటఫట విరిగాయి. ఆమె వాడి కుడి మోకాలి మీద, ఆ పాత దెబ్బ మీదే, మడమతో తన్నింది. వాడు కేక వేసి పక్కకు దొర్లాడు. తెలుగులో ఒక్క తిట్టు కూడా రాలేదు. చాంద్రి లేచి, చీరకంటిన మట్టి దులుపుకుంది. చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఆమెకు ఏడుపు రాలేదు. గడియ చప్పుడు గుర్తుకు వచ్చింది.

"గుడ్డ కట్టు. పిల్లలు తిరుగుతరు" అంది.

"తువ్వాల కడ్త. పో, సావు."

ఇంటికి పోతుంటే దారిలో సహజ ఫోను. ఏడుపు గొంతు. "చాంద్రవ్వా, పూలన్ని తలలు వాల్చినయి. రేపెట్లనే?"

"నే చెప్పలే? ఎండల కోసినయి గట్లనే చేస్తయి. ఫికర్ వద్దు. కొసలు మల్ల నీళ్లల్ల కొయ్యి. మెడలు నిలబెట్టి పేపరు చుట్టు. బకెట్ల మెడ దాంక నీళ్లు పోసి చీకట్ల పెట్టు. తెల్లారెటాల్లకు లేస్తయి."

"లేవకపోతె?"

"లేవకపోతె నేను లేన? మబ్బుల కోసుకొని తెస్త. తొమ్మిదింటికి నీ బల్ల మీద ఉంటయి."

తొలికోడి కూశాక లేచింది. చెవి వాచింది. రెండు చీరలు, సొట్ట చెంబు, వడిసెల ఒక మూటగా కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. బకెట్లో నీళ్లు, కొడవలి పట్టుకుని చేనుకు నడిచింది. తూర్పున ఎరుపు ఇంకా రాలేదు, కానీ పూల తలలు కనబడేంత వెలుగు ఉంది. ఆకుల నిండా మంచు. ఇలాంటప్పుడు కోసిన పువ్వు ఎనిమిది రోజులుంటుంది. సహజ చూడాలి!

గుంజ దగ్గర ఆగింది. ఏ పొద్దున అయినా ఆగి చూస్తుంది. గుంజ మీద ఎర్రగుడ్డ లేదు, అది బాన్సువాడలో ఉంది. తువ్వాల కడతానన్నాడు. తువ్వాల కూడా లేదు. అంటే విప్పుకుని పోయాడు. చాయ్ హోటలులో ఉండి ఉంటాడు. మంచె వైపు కేక వేసి అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఒకవేళ వాడు అక్కడే ఉంటే? ఈ రోజు తొలిమాటగా వాడి తిట్టు వినాలని ఆమెకు లేదు. ఇన్నేళ్లలో ఒక్క పొద్దన్నా వాడి నోరు లేకుండా మొదలుకావాలి.

బకెట్ గట్టు మీద పెట్టింది. మంచుకు తడిసిన చీర కుచ్చిళ్లు ఎడమచేత్తో కాస్త ఎత్తి, రోజూ దాటినట్టే తీగ దాటింది.

కేక లేదు. తుమ్మచెట్లలో చిలుకలు కూడా లేవలేదు. గట్టు మీద బకెట్లోని నీళ్లు తొణకలేదు.

జేత్యా మంచె మీద పడుకుని ఉన్నాడు. చలికి తువ్వాల తలకూ చెవులకూ గట్టిగా చుట్టుకున్నాడు. గుంజకు కట్టడం రాత్రే మరిచిపోయాడు. పొద్దెక్కాక లేచి, ఒళ్లు విరుచుకుని కిందికి చూశాడు. ముందు పంది అనుకున్నాడు. తరువాత చీర చూశాడు. కుంటుతూ స్తంభం దాకా పరిగెత్తి కొక్కెం లాగేశాడు. ఆమె దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి, ఎక్కడ ముట్టుకోవాలో తెలియక రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. తువ్వాల ఇంకా తలకే ఉంది. సేటుకు ఫోను చేశాడు. ఆయన "ముందుగాల తీగె చుట్టెయ్. పాము ముట్టిందని చెప్పు" అన్నాడు. జేత్యా తీగ చుట్టాడు.

తొమ్మిది కావస్తుండగా బాన్సువాడలో క్లినిక్కు ముందు షామియానా కింద జనం కూర్చున్నారు. సహజ బాత్రూములోని బకెట్ దగ్గరికి పోయి, ఒక్కో పువ్వుకు చుట్టిన పేపరు విప్పింది. పదకొండూ నిలబడ్డాయి. ఒక్క మెడ కూడా వంగలేదు. ఆ ఆనందం పట్టలేక నాలుగుసార్లు చాంద్రికి ఫోను చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. పూలు తెచ్చి కూజాలో పెట్టి, బల్ల మీద తలుపుకు ఎదురుగా నిలిపింది. లోపలికి రాగానే చాంద్రవ్వకు కనబడాలి.

కాశీరాం సేటు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. కూతుర్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"చాంద్రి ఇగ రాదు. పాము ముట్టింది. పోయింది."

"ఏడ? ఎప్పుడు నాన్నా?"

"చేన్ల. మబ్బుల. నీ పూలకే పోయిందట." ఆయన గడియారం చూసుకున్నాడు. "ఏడ్వకు, ఫొటోలున్నయి. ముహూర్తం దాటుతది, రిబ్బన్ కట్ చెయ్యి."

సహజ చేతికి ఎవరో కత్తెర ఇచ్చారు. రిబ్బన్ తెగింది. జనం చప్పట్లు కొట్టారు. లోపలికి వచ్చినవాళ్లందరూ ముందు పూలనే చూశారు. ఎంత తాజాగా ఉన్నాయో అన్నారు. వెనక గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద, గాజు కూజా మెడకు, అద్దాలు కుట్టిన ఎర్రగుడ్డ చాంద్రి వేసిన ముడితో అలాగే ఉంది. లాగితే రాదు ఆ ముడి. ఎవరో ఒకరు విప్పాలి.